ఆర్ట్ జర్నల్ స్కూలు ప్రాజెక్టులా తయారవుతోందంటే...

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి భోజనాలయ్యాక ఓ గంట కూర్చుని, నెలకొక మాస్టర్ పెయింటర్ చొప్పున మిక్స్‌డ్ మీడియా జర్నల్ (రంగులు, కాగితం ముక్కలు, గుడ్డలు అన్నీ కలిపి నింపే బొమ్మల పుస్తకం) చేస్తున్నారు. వాన్ గో, పికాసో, క్లిమ్ట్ అయ్యారు. మీ బాధలు మూడు. పేజీలు స్కూలు ప్రాజెక్టులా ఉన్నాయి. మే నెల ఎండలకి క్లిమ్ట్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే బంగారు రంగు పొరలుగా ఊడొచ్చింది. పుస్తకం కప్పలా నోరు తెరుచుకుని మూతపడటం లేదు. ఇంతకీ నాలుగో పెయింటర్‌గా ఎవరిని తీసుకోవాలో చెప్పమన్నారు.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లు బడిపిల్లలకి డ్రాయింగ్ చెప్పాను. ఇలాంటి జర్నల్స్ ఇప్పటికి పదకొండు నింపాను. వాటిలో మొదటి మూడూ బీరువా పై అరలో ఉన్నాయి, ఎవరికీ చూపించను. అచ్చం మీరు చెప్పినట్టే ఉంటాయవి: పేజీ మధ్యలో కలర్ ప్రింటు, చుట్టూ లతల బార్డరు, కింద గుండ్రటి చేతిరాతతో ఆయన ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు పోయాడు. పిల్లలకి అలాంటి ప్రాజెక్టులు ఇచ్చి మార్కులు వేసిన చేయి కదా, తను కూడా అదే చేసింది.

నాలుగో పెయింటర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు దాటొచ్చిన ముగ్గురి దగ్గరికే ఒకసారి వెనక్కి వెళ్దాం, ఎందుకంటే నా లెక్కలో మీరు ఆ ముగ్గురినీ ఇంకా మొదలుపెట్టలేదు. కోప్పడకండి. పూర్తయిన బొమ్మ తెచ్చి అతికిస్తే మన చేతికి పనేమీ మిగలదు. అది ఆయన వండి, వడ్డించేసిన విస్తరి. మనం వెళ్లాల్సింది ఆయన వంటింట్లోకి. ఏ పుల్లతో గీశాడు, ఏ కాగితం ఎందుకు ఎంచుకున్నాడు, ఏ రంగులు మానేశాడు, గీయకుండా అతికించింది ఏమిటి. పేజీకి ఇలాంటిది ఒక్కటి తీసుకుని, దాన్ని మీ వీధి మీదో, మీ ఇంట్లో వస్తువు మీదో చేసి చూడాలి. పని ఆయనది, బొమ్మ మీది.

కాపీ చేయడం తప్పని చెప్పడం లేదు. మాస్టర్లు కూడా కాపీలు చేశారు. వాన్ గో 1889, 90ల్లో ఫ్రాన్స్‌లో సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తనకంటే ముందుతరం పెయింటర్ మిలే బొమ్మలకి ఇరవైకి పైగా కాపీలు వేశాడు. అయితే ఆయన ముందున్నవి చాలావరకు నలుపు తెలుపు ప్రింట్లు. రంగులన్నీ తనే కల్పించుకోవాలి. వేరొకరి కృతిని విద్వాంసుడు తన బాణీలో వాయించినట్టు అనే అర్థం వచ్చేలా తమ్ముడు థియోకి ఉత్తరంలో రాశాడు కూడా. మనవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, త్యాగరాజ కృతి పాడేవాళ్లని ఎవరూ కాపీ కొట్టారనరు. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. డచ్ పెయింటర్ రెంబ్రాంట్ 1650ల చివర్లో మన మొఘల్ సూక్ష్మచిత్రాలు చూసి ఇరవైకి పైగా డ్రాయింగులు వేశాడు. మన దేశం మొహం ఎరగని మనిషి. వాటికోసం తూర్పు దేశాల నుంచి వచ్చిన నున్నటి కాగితం వాడాడు. ఎవరిని చదువుతున్నామో దానికి తగ్గట్టు కాగితం మార్చుకోవాలని నాకు తట్టింది అక్కడే.

ఇక వాన్ గో పేజీ. మీరు 'స్టారీ నైట్' ప్రింటు అతికించి చుట్టూ నీలం ఆక్రిలిక్‌తో సుడులు తిప్పారు. ఆ పేజీని అలాగే ఉంచి, దాని తర్వాత కొత్త పేజీ తెరవండి. 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊరికి వెళ్లాక ఆయన అక్కడ దొరికే రెల్లుజాతి కాడల్ని చెక్కి కలాలు చేసుకుని, ఇంకుతో పొలాలూ తోటలూ గీశాడు. ఆ డ్రాయింగుల్లో రంగే లేదు. ఆకాశానికి ఒకరకం చుక్కలు, గడ్డికి పొట్టి గీతలు, దున్నిన నేలకి పొడుగు గీతలు, చెట్టుకి మెలికలు. గీత రకాన్ని మార్చి పొలాన్ని చూపించాడు, అంతే. నా ఉద్దేశంలో వాన్ గోని రంగుల్లో కంటే ఇక్కడ నేర్చుకోవడం తేలిక.

మన దగ్గర కలానికి కరువా? శ్రీకాళహస్తి కలంకారీకి ఆ పేరే కలం వల్ల వచ్చింది. చిటికెన వేలంత లావు వెదురు పుల్ల తీసుకుని, ఒక కొనని ఏటవాలుగా చెక్కి, మధ్యలో చిన్న చీలిక పెట్టండి. పదును బ్లేడుతో చేసేటప్పుడు పుల్లని బల్లకి ఆనించి, చేతి వైపు కాకుండా అవతలి వైపుకి చెక్కండి. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. ఇంకు పుల్లలో ఎక్కువసేపు నిలవదు, నాలుగైదు గీతలకే అయిపోతుంది. మొదట చిరాకేస్తుంది. గంట తర్వాత తెలుస్తుంది, గీత మొదట్లో నల్లగా, చివర్లో ఎండిపోయినట్టు రావడమే ఆ బొమ్మల్లోని ఊపిరి అని.

ఇంకు బాటిలుది వాడొచ్చు. ఓపికుంటే ఇంట్లో చేసుకోండి, దానికి ఓ పేజీ ఇవ్వొచ్చు. నాలుగు కరక్కాయలు పచారీ కొట్లో దొరుకుతాయి. పగలగొట్టి గింజ తీసేసి, పెచ్చులు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసున్నర నీళ్లలో సగం అయ్యేదాకా మరిగించి వడగట్టండి. ఇంకో గాజు సీసాలో తుప్పు పట్టిన మేకులు గుప్పెడు వేసి, మునిగేలా వెనిగర్ పోసి, వారం పదిరోజులు మూత బిగించకుండా వదిలేయండి. ఈ తుప్పు నీళ్లు ఆ కషాయంలో చెంచా చెంచాగా వేస్తుంటే కళ్ల ముందే నల్లబడుతుంది. కలంకారీవాళ్లు ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో మురగబెట్టి చేసే కసిమి నలుపు కూడా ఇదే సూత్రం: కరక్కాయలో వగరు, ఇనుము కలిస్తే నలుపు. యూరప్‌లో వందల ఏళ్లు ఉత్తరాలూ దస్తావేజులూ రాసిన ఇంకు ఇదే జాతిది. అక్కడ కరక్కాయ బదులు ఓక్ చెట్టు మీద పురుగు పెట్టే బుడిపెలు. ఆ ఇంకు కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, వాన్ గో ఇంకు బొమ్మలు కొన్ని అలాగే రంగు మారాయి. ఒక్క హెచ్చరిక. అందులో ఆమ్లం ఉంటుంది, ఏళ్ల తరబడి ఉంటే కాగితాన్ని తినేస్తుంది. కాబట్టి జర్నల్ పేజీ మీద నేరుగా కాకుండా విడి కాగితం మీద గీసి అతికించండి.

గీయడానికి ముందు పేజీ పైభాగంలో అగ్గిపెట్టె సైజు గడులు ఎనిమిది గీసుకుని, ఆయన డ్రాయింగ్ ఒకటి ముందు పెట్టుకుని, గడికొక గీతరకం ఎత్తి రాయండి. బొమ్మ అంతా కాపీ చేయొద్దు, గీతల్ని మాత్రమే. అది మీ అక్షరమాల. ఆ తర్వాత ఆదివారం పొద్దున్నే సీతానగరం వైపు కృష్ణ ఒడ్డుకో, దుగ్గిరాల దారిలో పొలాల దగ్గరికో వెళ్లి, ఆ ఎనిమిది గీతలతోనే ముందున్నది గీయండి. కోతలయ్యాక వెళ్తే మరీ మంచిది. వరి మోళ్లు, కుప్పలు, గట్టు మీద తాటిచెట్లు, అన్నిటికీ గీత దొరుకుతుంది. దేనికి దొరకలేదో అది పేజీలో రాయండి. నాకు నీళ్లకి దొరకలేదు. 'నీళ్లు గీయడం రాలేదు, ఖాళీగా వదిలేస్తే నీళ్లలాగే కనిపించాయి' అని రాసుకున్నాను. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఆ జర్నల్‌ని దాచుకుంటాను. పుట్టిన తేదీలు ఫోన్‌లో ఎప్పుడైనా దొరుకుతాయి.

ప్రింటు అసలు అతికించకూడదా? అతికించండి, కానీ అగ్గిపెట్టె కంటే పెద్దది వద్దు. గుర్తు కోసం చాలు. పక్కన అసలు బొమ్మ కొలత తప్పకుండా రాయండి. పుస్తకాల్లోనూ ఫోన్‌లోనూ అన్ని బొమ్మలూ ఒకే సైజులో కనిపిస్తాయి, అదో పెద్ద మాయ. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు. మీ ఒళ్లో పట్టేస్తుంది. పికాసో 'గెర్నికా' మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్లు దాటిన పొడవు, మీ హాలు గోడ చాలదు. క్లిమ్ట్ 'ముద్దు' అటూ ఇటూ 180 సెంటీమీటర్లు. మావారు దాని పక్కన నిలబడితే తలే కాస్త కిందుంటుంది. ఇది తెలిశాక ఆ బంగారం గురించి మీరు వేరేగా ఆలోచిస్తారు.

పికాసో దగ్గర మీరు ముక్కలు ముక్కలుగా ఉన్న మొహం వేశారు. అందరూ అదే వేస్తారు, నేనూ వేశాను. మిక్స్‌డ్ మీడియా జర్నల్ చేసేవాళ్లకి ఆయన దగ్గర అసలు నిధి 1912లో చేసిన ఓ చిన్న బొమ్మ. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న కాన్వాస్ మీద పేము అల్లిక కుర్చీ కనిపిస్తుంది. ఆ అల్లిక ఆయన గీసింది కాదు, అల్లిక బొమ్మ అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్క తెచ్చి అతికించాడు. అంచుకి ఫ్రేము బదులు తాడు చుట్టాడు. అదే ఏడాది ఆయన తోటి పెయింటర్ బ్రాక్ చెక్కలా కనిపించేలా అచ్చేసిన గోడకాగితం ముక్కలు అతికించాడు. 'కొల్లాజ్' అనే మాట వెనకున్నది జిగురుతో అతికించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాటే. ఇక్కడ తమాషా ఏమిటంటే, అతికించింది నిజమైన వస్తువు, కానీ ఆ వస్తువే ఒక అబద్ధం. క్లాత్ తను పేమునని బుకాయిస్తోంది.

ఇప్పుడు మీ డైనింగ్ టేబుల్ మీద చూడండి. లేసు డిజైన్ అచ్చేసిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. లేదంటే చెక్కలా కనిపించే సన్‌మైకా. మన ఇళ్ల నిండా ఈ బుకాయింపులే! ఆ షీటు మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి (ఇంట్లో అడిగి), పేజీ మీద పెట్టి, దాని మీద కాఫీ గ్లాసు, సగం తిన్న పెసరట్టు పెన్సిల్‌తో గీయండి. అంచుకి పురికొస. ఆ పేజీ చూసి ఎవరూ స్కూలు ప్రాజెక్టు అనలేరు. ప్లాస్టిక్‌కి మామూలు తెల్ల జిగురు పట్టదు, రబ్బరు గమ్ము వాడండి, లేకపోతే నాలుగు మూలలా సూదితో కుట్టేయండి. కుట్టడమే బాగుంటుంది.

క్లిమ్ట్ తండ్రి బంగారం మీద చెక్కడం పని చేసేవాడు. 1903లో కొడుకు ఇటలీలో రవెన్నా చర్చిల గాజుముక్కల మొజాయిక్‌లు చూసొచ్చాడు. అంతకుముందే బొమ్మల్లో వాడుతున్న నిజమైన బంగారు రేకు ఆ తర్వాత మరీ ఎక్కువైంది. అంటే అది బంగారు రంగు కాదు, బంగారమే. మీ ట్యూబులో ఉన్నది రంగు. తేడా అక్కడే మొదలైంది. మన దగ్గర దీనికి ఇంకో దారి ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాక ఆయన లక్ష్ములూ సరస్వతులూ ఇంటింటికీ చేరాయి కదా. ఆ ప్రింట్లకి ఇళ్లలో ఆడవాళ్లు చీరకి గుడ్డ, అంచుకి జరీ, నగలకి చమ్కీలు, పూసలు అతికించి ఫ్రేము కట్టించేవాళ్లు. మా అమ్మమ్మ పూజగదిలో అలాంటి లక్ష్మి ఉండేది. చిన్నప్పుడు దీపం వెలుగులో ఆ చమ్కీలు కదిలితే అమ్మవారు ఊపిరి తీసుకుంటోందనుకునేదాన్ని. మిక్స్‌డ్ మీడియా అనే మాట నాకు నలభై ఏళ్లప్పుడు తెలిసింది. ఆ పని మాత్రం ఐదేళ్లప్పుడే చూశాను. మీరు మంగళగిరికి పక్కనే ఉన్నారు. పాత మంగళగిరి చీర జరీ అంచు జానెడు దొరికితే క్లిమ్ట్ పేజీ అయిపోయినట్టే.

అతుక్కున్న పేజీల మాటకొస్తే, తప్పు మీది కాదు, బెజవాడ, గుంటూరు ఎండలది. ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్ లాంటిదే. ఎండినట్టు కనిపించినా వేడికి మెత్తబడుతుంది. రెండు ఆక్రిలిక్ పేజీలు ఎదురెదురుగా ఉండి, పైన నాలుగు పుస్తకాల బరువు పెడితే మే నెలలో అతుక్కోక ఏం చేస్తాయి? పాత పెళ్లి ఆల్బమ్‌లు గుర్తున్నాయా, ప్రతి నల్ల అట్టకీ మధ్య సాలెగూడు డిజైన్‌తో పల్చటి కాగితం ఉండేది. అది అందానికి పెట్టింది కాదు. మీరు బటర్ పేపర్ పెట్టండి. పేజీ పూర్తయ్యాక వారం రోజులు తెరిచి ఆరనిచ్చి, కొవ్వొత్తి ముక్క తేలిగ్గా రుద్ది మెత్తటి గుడ్డతో తుడిచినా చాలావరకు అతుక్కోదు. పుస్తకాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టండి. ఎదురెదురు పేజీల్లో ఒకటి ఆక్రిలిక్ అయితే రెండోది పెన్సిలో, నీటిరంగో ఉండేలా చూసుకుంటే సగం గొడవ ఉండదు.

నోరు తెరుచుకోవడం కూడా ఆల్బమ్‌ని చూస్తే తీరిపోతుంది. ఆల్బమ్‌లో కుట్టు దగ్గర పేజీకీ పేజీకీ మధ్య సన్నటి పట్టీలు వేసేవాళ్లు, ఫోటోల మందం పట్టడానికి. కొన్న స్కెచ్‌బుక్‌లో అవి ఉండవు. కాబట్టి ప్రతి మూడో కాగితాన్ని కుట్టు దగ్గర అంగుళం వదిలి కత్తిరించేయండి. ఆ మిగిలిన అంగుళమే పట్టీ. మనసొప్పదు, తెలుసు, డబ్బు పోసి కొన్న కాగితం. కత్తిరించిన కాగితాలు గీతలు ప్రాక్టీసు చేయడానికి, విడిగా గీసి అతికించడానికి పనికొస్తాయి. తర్వాతి పుస్తకం మాత్రం కొనకండి. 300 జీఎస్ఎం కాగితం షీట్లు తీసుకుని, అకౌంటు పుస్తకాలు కుట్టే బైండరు దగ్గరికి వెళ్లి, పట్టీలు వేసి గుడ్డ వెన్నుతో కుట్టమనండి. ఒక బైండరు నా మాట వినిపించుకోకుండా కుట్టు మానేసి వెన్నుకి జిగురు పూసి ఇచ్చాడు, నెలకే పేజీలు రాలాయి. దగ్గర నిలబడి కుట్టించుకోండి.

జిగురు విషయం క్లుప్తంగా చెప్తాను. తెల్ల ఫెవికాల్‌ని మూడో వంతు నీళ్లతో పల్చన చేసి బ్రష్‌తో పూయండి, వేలితో కాదు. కాగితం ఒంకర తిరిగేది ఒక్కవైపే తడి తగలడం వల్ల. అందుకే వెనక పేజీలో కూడా ఏదో ఒకటి అతికించి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి రాత్రంతా బరువు పెట్టండి. మైదా పిండి జిగురు చాలా బాగా పడుతుంది కానీ పురుగు పడుతుంది. బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేది అందుకే. అది విషం, ఇంట్లో పిల్లలుంటే వద్దు. ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి తగిలితే రంగు కారుతుంది, జిరాక్స్ కాపీ కారదు. పేపరు కటింగులు నేరుగా అతికిస్తే ఏడాదికే పసుపెక్కుతాయి, జిరాక్స్ తీసి అతికించండి. ఆయిల్ పాస్టెల్ ఎప్పుడూ చివర్లోనే వాడాలి, దాని మీద ఆక్రిలిక్ నిలవదు. జెస్సో (రంగు వేసేముందు కాగితానికి పూసే తెల్ల పూత) కొనడానికి ఖరీదనిపిస్తే తెల్ల ఆక్రిలిక్‌లో కాస్త సుద్దపొడి, కాస్త ఫెవికాల్ కలిపి పూయండి. మ్యూజియంలో పెట్టేది కాదు కదా మన పుస్తకం.

ఇక నాలుగో పెయింటర్. గుంటూరులో ఉంటున్నవాళ్లకి నేను చెప్పే పేరు అల్బెర్తో బుర్రి. పేరు వినగానే తెనాలి పక్క బుర్రిపాలెం గుర్తొస్తుంది కానీ ఈయన ఇటలీ ఆయన, 1915లో పుట్టాడు. చదివింది వైద్యం, చేసింది సైన్యంలో డాక్టరు ఉద్యోగం. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడి అమెరికాలో టెక్సస్ ఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు బొమ్మలు మొదలుపెట్టాడు. దొరికిన గోనెగుడ్డ మీద వేశాడు. ఇంటికొచ్చాక ఆ గోనెనే బొమ్మ చేశాడు. చిరుగులు, మాసికలు, కుట్లు, కాలిన మచ్చలు. గాయాలకి కుట్లు వేసిన డాక్టరు చేయి అది అని చూడగానే అనిపిస్తుంది. మన మిర్చి యార్డులో గోనెలకి కొదవేముంది? చిరిగిన బస్తా ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. కానీ దాన్ని రెండుసార్లు నానబెట్టి ఉతికి, ఎండబెట్టాకే చేయి పెట్టండి. నేను ఉతకకుండా కత్తిరించాను. తుమ్ములు ఒక పూట, కళ్లమంట ఒక రోజు. బుర్రి గురించి అంత గట్టిగా ఏ పుస్తకమూ నేర్పలేదు. మందం ఎక్కువ కాబట్టి అరచేయంత ముక్క చాలు. పీచు ఊడకుండా అంచులకి ముందు జిగురు పూసి ఆరనిచ్చి, తర్వాత గోనె సూదితో పేజీకి కుట్టండి. చిరుగు ఎక్కడుంటే దాని వెనక ఎర్ర కాగితం పెట్టి చూడండి.

ఆయన తర్వాత జామినీ రాయ్. కలకత్తా ఆర్ట్ స్కూల్లో ఆయిల్ పోర్ట్రెయిట్లు నేర్చి, అందులో పేరు తెచ్చుకుని, అదంతా పక్కన పెట్టి బెంగాల్ పల్లె పటాల వైపు తిరిగిన మనిషి. రంగులు ఏడింటికి కుదించుకున్నాడు. సుద్ద, నది ఒండ్రు, నీలిమందు లాంటివాటితో రంగులు, కలపడానికి చింతపిక్కల జిగురు. మీ దగ్గర ఇరవై నాలుగు ట్యూబుల పెట్టె ఉందన్నారు కదా, పదిహేడు రబ్బరు బ్యాండు వేసి అటక మీద పెట్టండి. చింతపిక్కల జిగురు మనకి కొత్త కాదు, కొండపల్లి బొమ్మలకి చేతులూ తలలూ అతికే మక్కు చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసేదే. పిక్కలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి, రాత్రి నానబెట్టి సన్నసెగ మీద ఉడికిస్తే జావలా వస్తుంది. దాన్ని వడగట్టి ఎర్రమట్టి, ముగ్గుపిండి, దీపం మసితో కలిపి చూడండి. రెండురోజులకి మించి ఉంచితే బూజు పడుతుంది. ఈ రంగు నూనె మెరుపు లేకుండా గోడకి పట్టిన సున్నంలా ఉంటుంది. ఆయన బొమ్మల్లో నిశ్శబ్దం ఆ పొడితనంలోంచే వస్తుందని నేను అనుకుంటాను.

వేసవిలో, చేయి చెమట పట్టి బ్రష్ జారే రోజుల్లో, ఫ్రెంచి పెయింటర్ మతిస్‌ని పట్టుకోండి. 1941లో పెద్ద ఆపరేషన్ తర్వాత ఎక్కువసేపు నిలబడలేక, సహాయకులతో కాగితాలకి రంగులు వేయించి, కత్తెరతో ఆకారాలు కత్తిరించాడు. పెన్సిల్‌తో ముందు గీసుకోకుండా కత్తిరించడమే పరీక్ష. పోస్టర్ కలర్‌తో నాలుగు కాగితాలకి రంగు వేసి ఆరనిచ్చి, అరటాకు, మునగకాడ, వంకాయ, ఏది ఎదురుగా ఉంటే అది. కత్తెర కదపకుండా కాగితాన్ని తిప్పండి. మిగిలిన తుంపులు పారేయొద్దు, చాలాసార్లు అసలు ఆకారం కంటే అవే బాగుంటాయి.

పాల్ క్లే గురించి ఒక్క మాట. సన్నటి కాగితానికి ఒకవైపు నల్ల ఆయిల్ రంగు పూసి, అది సగం ఆరాక బోర్లించి, పైన సూదిలాంటి మొనతో గీస్తే కింది కాగితం మీద గీత దిగుతుంది. ఇంట్లో చేసిన కార్బన్ పేపర్ అన్నమాట. చేయి ఆనిన చోటల్లా మరకలు కూడా దిగుతాయి. ఆయన వాటిని తుడవలేదు, మీద నీటిరంగు వేసి వదిలేశాడు. 1922 నాటి ఆయన పిట్టల యంత్రం బొమ్మ ఇలా చేసిందే. మీరు నల్ల ఆయిల్ పాస్టెల్ దట్టంగా పూసిన కాగితంతో చేయొచ్చు, అరగంట పని.

లియోనార్డోనీ వెర్మీర్‌నీ ఇప్పుడే ముట్టుకోవద్దు. వాళ్ల పని పొరల్లో ఉంటుంది, రోజూ రాత్రి ఒక్క గంటతో తెమిలేది కాదు. ఒకే చోటుని వేర్వేరు వేళల్లో మళ్లీ మళ్లీ వేసిన మోనే కావాలంటే ప్రకాశం బ్యారేజీని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు చిన్న ముక్కలుగా వేసి వదిలేయండి. అంతకుమించి ఇప్పుడొద్దు.

అందరూ పరదేశీలేనా అంటే, కాదు. దామెర్ల రామారావు ఉన్నాడు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేరిట గ్యాలరీ ఉంది, పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. ఫోన్ తెర మీద కాకుండా అసలు బొమ్మ ముందు నిలబడి చూడగలిగే మాస్టర్ మనకి అంత దగ్గరలో ఉండటం చిన్న విషయం కాదు. అక్కడ ఒక్క బొమ్మ ఎంచుకుని ఇరవై నిమిషాలు పెన్సిల్ తీయకుండా చూడండి. తర్వాత మూడే మూడు మోతాదుల్లో, అంటే తెలుపు, నడిమి బూడిద, నలుపు, అగ్గిపెట్టె సైజులో గీసుకోండి. వివరాలు వద్దు, వెలుగు ఎక్కడ, చీకటి ఎక్కడ అంతే. ఇంటికొచ్చి ఆ చీకటి వెలుగుల అమరికలోనే మీ వంటింటి కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని వేయండి. మీ జిల్లా తుమ్మపూడి సంజీవదేవ్ గారి రాతలు కూడా దొరికితే చదవండి. ఒక బొమ్మనో, ఒక కొండనో ఎంత నెమ్మదిగా చూడొచ్చో ఆయన తెలుగులో రాసినట్టు నేనింకెక్కడా చదవలేదు. విజయవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు ఒక చుట్టు చుడితే దొరకొచ్చు. నాకు అక్కడే పాత కళాపత్రికలు, రంగు వెలిసిన క్యాలెండర్లు బోలెడు దొరికాయి.

నెలకొకరు అనే లెక్క మానేయండి. నెలాఖరుకి పేజీలు నింపాలనే టెన్షన్‌లోనే ప్రింట్లు అతికించడం మొదలవుతుంది. చేయి విసిగేదాకా ఒకరి దగ్గర ఉండండి. నేను జామినీ రాయ్ దగ్గర ఏడు నెలలు ఉన్నాను, మతిస్ దగ్గర పదిరోజులు.

ఆ క్లిమ్ట్ పేజీలు చింపేద్దామనుకుంటున్నాను అన్నారు. చింపకండి. బంగారం ఊడినచోట కింద కాగితం, అక్కడక్కడ ఎదురు పేజీ రంగు కూడా అంటుకుని ఉంటాయి. పాత గోడ మీద సున్నం పెచ్చులూడినట్టు ఉండే అలాంటి ఉపరితలం కావాలని చేస్తే రాదు. వదులుగా ఉన్న పెచ్చుల్ని పల్చటి ఫెవికాల్‌తో అంటించి, పూర్తిగా ఆరాక, ఊడిన ఆకారం చుట్టూ సన్నటి జరీ పోగు కుట్టి, ఫోటో తీసి పంపండి. చూడాలని ఉంది.